నిద్రకు మూడున్నర స్టార్లు, బీపీకి ఒక్కటే

కొన్నది మెలటోనిన్ (నిద్ర కోసం ఒంట్ల తయారయ్యే హార్మోన్) 3 మిల్లీగ్రాముల గోలీలు, నాలుక కింద కరిగే రకం. నల్లగొండ క్లాక్‌టవర్ దిక్కు ఒక మెడికల్ షాపుల తీసుకున్న, మా బాపు కోసం.

ముందు మంచి చెప్త. పుదీనా రుచి, చేదు లేదు, నీళ్లు అక్కర్లేదు. పండుకునే ముందు వేసుకుంటే గంటలోపే కునుకు పడుతది. పొద్దున మత్తు కూడా ఉండది. కాకపోతే తెల్లారగట్ల మూడింటికే బాపు లేచి కూసుంటడు, రేడియో పెడతడు, ఇగ మా అందరి నిద్ర పోతది. జెల్ది కరిగే గోలీ, జెల్దినే దిగిపోతది.

డబ్బా మీద మాత్రం "గుండెకు, రక్తనాళాలకు మేలు" అని పెద్దక్షరాలు. "బీపీకి పనిచేస్తదా తమ్మీ?" అని అడిగితే, "నిద్ర పడితే బీపీ అదే దిగుతది అక్కా" అన్నడు కౌంటర్ల పిలగాడు.

ఆ మాటల కొంత నిజం లేకపోలేదు. రాత్రి నిద్రల బీపీ 10 నుంచి 20 శాతం దిగాలె, కొందరికి దిగది. 2004ల ఒక పరిశోధనల, మందులు వాడని 16 మంది బీపీ ఉన్న మగవాళ్లకు రోజూ రాత్రి 2.5 మిల్లీగ్రాములు ఇచ్చిన్రు. మూడు వారాలకు నిద్రలో పై బీపీ 6, కిందిది 4 పాయింట్లు తగ్గింది. ఒక్క రాత్రి డోసుతోని ఏ మార్పూ రాలే. తర్వాత 2011ల ఏడు పరిశోధనలు కలిపి చూస్తే, రాత్రి బీపీ తగ్గించింది మెల్లగ విడుదలయ్యే రకమే. జెల్ది కరిగేదానితోని ఫాయిదా కనపడలే. మరి నా చేతిల ఉన్నది జెల్ది కరిగే రకమే. డబ్బా మీద ఈ తేడా ముచ్చటే లేదు.

"నాళాలు సాఫ్ అయితయి" అనేటోళ్లను కూడా నమ్మకుండ్రి. రక్తనాళాల మీద మెలటోనిన్‌కు రెండు రకాల రిసెప్టర్లు (ఆ హార్మోన్ వచ్చి అతుక్కునే జాగలు) ఉంటయి, ఒకటి నాళాన్ని బిగిస్తది, ఇంకోటి వదులు చేస్తది. పొద్దుగాల ఇంట్ల మిషన్ పెట్టి చూసి తగ్గింది, తగ్గలే అనుకునుడు కూడా దండగ. నిద్రల బీపీ తెల్వాలంటే 24 గంటలు చేతికి కట్టే మిషన్ పెట్టించుకోవాలె.

నా అసలు కోపం ఇంకోటి. మా బాపు బీపీకి నిఫెడిపిన్ వాడతడు. 2000ల ఇటలీల అదే మందు వాడేటోళ్లకు రాత్రి 5 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇచ్చి నాలుగు వారాలు చూసిన్రు. పై బీపీ 6 పాయింట్ల పైనే పెరిగింది. తగ్గుడు కాదు, పెరిగింది! షాపుల ఒక్కరన్న "ఏం మందులు వాడుతున్నరు" అని అడగలే. మా డాక్టర్‌కు మందుల చీటీ చూపిస్తే ఈ గోలీ ఆపమన్నడు.

మా అమ్మ బీపీకి వాడేది అటెనొలాల్. ఆ మందు ఒంట్ల తయారయ్యే మెలటోనిన్‌నే తగ్గిస్తది, లెక్క ప్రకారం నిద్ర తిప్పలు ఆమెకు ఉండాలె. ఆమె గురక మాత్రం పక్కింటిదాకా ఇనవడుతది.

బీపీ మందులు లేనోళ్లు, పండుకున్నంక నిద్ర పట్టనోళ్లు కొనొచ్చు. బీపీ గోలీ వేసుకునేటోళ్లు ముందు తమ గోలీ పేరు డాక్టర్‌కు చెప్పి, అప్పుడు కొనుండ్రి. మిగిలిన షీటు వాపస్ ఇయ్యవోతే "కోసిన షీటు తీసుకోం అక్కా" అన్నడు ఆ పిలగాడే.