బ్రా ఎక్కడ కొంటే మేలు: బజార్లోనా, ఫోన్లోనా, వైజాగ్‌లోనా?

పదిహేనేళ్లు 34బీ వేసుకున్నాను. ఆ అంకె నాకిచ్చింది విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక మ్యాచింగ్ సెంటర్లో కౌంటర్ అబ్బాయి. ఇంటర్లో అమ్మతో వెళ్తే, ఒక్కసారి తలెత్తి చూసి "థర్టీ ఫోర్ సరిపోద్దమ్మా" అని పాత పేపర్లో చుట్టేశాడు. అమ్మేమో జాకెట్టు గుడ్డలు చూస్తున్నట్టు అటు తిరిగిపోయింది.

అప్పట్నుంచి సాయంత్రమయ్యేసరికి భుజాల మీద ఎర్రటి గీతలు. వెనక పట్టీ పైకెక్కిపోయేది. స్ట్రాపులు ఇంకా బిగించేదాన్ని, గీతలు ఇంకా లోతయ్యేవి. అసలు బరువు మోయాల్సింది ఛాతీ చుట్టూ ఉండే కింది పట్టీ. అది వదులైతే ఆ పనంతా స్ట్రాపుల మీద పడుతుంది.

మొన్న వేసవిలో ఇంట్లో కుట్టుమిషను టేపు తీసి కొలుచుకున్నాను. రొమ్ముల కింద, ఊపిరి వదిలి, కాస్త బిగించి పెడితే 32 అంగుళాలు. నిండుగా ఉన్నచోట, బిగించకుండా, 35. సైజులో అంకె కింది పట్టీది, అక్షరం కప్పుది. ఈ రెండు కొలతల తేడా ఒక అంగుళమైతే ఏ, రెండైతే బీ, మూడైతే సీ. అంటే నాది 32సీ. తమాషా ఏంటంటే 34బీకీ 32సీకీ కప్పులో పట్టేది ఇంచుమించు ఒకటే. అందుకే కప్పు సరిపోయింది కదా అని ఇన్నేళ్లూ అనుమానం రాలేదు.

ఇక ఎక్కడ కొనాలన్నది.

వైజాగ్ వెళ్తే ట్రయల్ రూమ్ ఉంటుంది, కొలిచి చెప్పే అమ్మాయిలుంటారు. మొదటిసారికి దీన్ని మించింది లేదు. వేసుకుని, ముందుకు వంగి కప్పులో సర్దుకుని, చేతులు పైకెత్తి చూడొచ్చు. పట్టీ కదలకూడదు, వెనక రెండు వేళ్లు దూరాలి, అంతే. కొత్తదైతే అన్నిటికన్నా వదులుగా ఉండే చివరి హుక్కుకే సరిపోవాలి. ఎలాస్టిక్ సాగాక లోపలి హుక్కులు ఎలాగూ పనికొస్తాయి. కానీ మాకు అరవై కిలోమీటర్లు. శ్రీకాకుళం వాళ్లకైతే మరీ దూరం, రైలెక్కాలన్నా ముందు ఆమదాలవలస వెళ్లాలి. రెండు బ్రాల కోసం ఒక రోజు పోతుంది.

ఫోన్లో ఆర్డరు పెడితే ఎవరి ముందూ నోరు విప్పక్కర్లేదు. 32డీ, 40సీ లాంటివి దొరికేదీ ఎక్కువగా అక్కడే. చిక్కంతా వాపసు దగ్గర. లోదుస్తులు వెనక్కి తీసుకోని సైట్లు చాలా ఉన్నాయి. ఆ లైను చదవకుండా నేను మూడు తెప్పించాను, రెండు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. ఫొటోలో కాటన్‌లా కనిపించింది చేతికొచ్చాక జారుడు గుడ్డ. మన ఉక్కపోతకి రొమ్ముల కింద చెమటపొక్కులు ఖాయం. (దానికి తోడు ఎవరూ చూడకూడదని చీర కింద దాచి ఆరేస్తాం. తడి ఆరదు, దురద తగ్గదు.)

బజారుకొట్టులో ట్రయల్ ఉండదు, కౌంటర్లో చాలాచోట్ల మగవాళ్లే. అయినా గుడ్డ చేత్తో నలిపి చూడొచ్చు, ఎలాస్టిక్ లాగి చూడొచ్చు. తెలిసిన కొట్టయితే ట్యాగు తియ్యకుండా తెస్తే మార్చిస్తారు.

నా ఓటు బజారుకే, కాకపోతే టేపు పట్టాకే వెళ్లాలి. కుదిరితే ఒక్కసారి వైజాగ్‌లో వేసి చూసుకుని, అదే కంపెనీ, అదే మోడల్ ఇక్కడ అడగండి. ఛాతీ బాగా నిండుగా ఉన్నవాళ్లు మాత్రం ఫోన్లోనే వెతుక్కోవడం మేలు, ఇక్కడి అరల్లో బీ దాటి పెద్దగా ఉండవు.

పోయిన నెల అదే మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లి "32సీ, కాటన్" అన్నాను. అతను కాస్త ఆలోచించి, స్టూలేసుకుని పై అరలోంచి ఒక అట్టపెట్టె దింపాడు. మూత మీద దుమ్ము ఊదాల్సి వచ్చింది.