మొదటి మారథాన్‌లో లైవ్ ట్రాకింగ్ ఎంత పనికొచ్చిందంటే

నా మొదటి మారథాన్‌లో, 42.195 కిలోమీటర్లూ ఇంట్లోవాళ్లను నా వెంట ఉంచింది నిర్వాహకులిచ్చిన ట్రాకింగ్ యాప్. బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితం) వెనక ఉన్న చిప్, దారిలో పరిచిన మ్యాట్ దాటినప్పుడల్లా సమయం నమోదవుతుంది. రెండు మ్యాట్‌ల మధ్య మ్యాప్ మీద కదిలే చుక్క మాత్రం మన వేగాన్ని బట్టి వేసిన అంచనాయే. ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. నేను చెప్పలేదు. 30 దాటాక పిక్కలు పట్టేసి నేను నడుస్తుంటే, చుక్క ఆగకుండా ముందుకెళ్లిపోయిందట. పైగా 35 దగ్గరి అప్‌డేట్ పావుగంట ఆలస్యంగా వచ్చింది. నా దగ్గర ఫోన్ లేదు, మా ఆవిడకు ఒకటే టెన్షన్.

అయినా ఆ అప్‌డేట్ చూసుకునే వాళ్లు 38వ కిలోమీటరు దగ్గరికి సమయానికి చేరారు. మా పాప అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో ‘నాన్నా, ఇంకా నాలుగే’ అని రాసి, రెండు చేతులతో తలపైకి ఎత్తి పట్టుకుంది. చోటు చాలక చివరి రెండక్షరాలు అంచున ఇరుక్కున్నాయి. అది చదివాక మళ్లీ పరుగందుకున్నాను.

ఈ యాప్ బ్యాటరీ బాగా తింటుంది. కనీసం ఇద్దరి ఫోన్లలో వేయించండి.