‘బ్లేడ్ రన్నర్ 2049’: ఆలస్యంగా వచ్చినా నిలబడిన చిత్రం

రిడ్లీ స్కాట్ 1982లో తీసిన సైన్స్ ఫిక్షన్ చిత్రం ‘బ్లేడ్ రన్నర్’కు 35 ఏళ్ల తరువాత, డెనీ విల్నెవ్ దర్శకత్వంలో 2017లో వచ్చిన ఈ కొనసాగింపు చిత్రం ప్రేక్షకులను రెండు వర్గాలుగా చీల్చింది. నిడివి రెండు గంటల నలభై నిమిషాలు దాటడం, కథ నింపాదిగా సాగడం చాలామందికి విసుగు కలిగించాయి. మొదటి భాగం కథానాయకుడు హారిసన్ ఫోర్డ్ బాగా ఆలస్యంగా తెరపైకి రావడం పాత అభిమానులు కొందరిని నిరాశపరిచింది. నెమ్మదితనం గురించిన ఫిర్యాదుతో నేను ఏకీభవించలేను. నారింజ రంగు ధూళి కమ్మిన లాస్ వేగాస్ శిథిలాల మధ్య కథానాయకుడు ‘కే’ (K) ఒంటరిగా నడిచి వచ్చి, తేనెటీగల పెట్టెల దగ్గర ఆగి, తన చేతిని వాటికి అప్పగించే ఘట్టాన్ని హడావిడిగా ముగించి ఉంటే, ఆ నిర్జన నగరంలో ఇంకా ప్రాణం మిగిలి ఉందన్న ఆశ్చర్యం మనకు అందేది కాదు. రోజర్ డీకిన్స్‌కు తొలి ఆస్కార్ ఈ చిత్ర ఛాయాగ్రహణానికే దక్కింది, అది పూర్తిగా న్యాయం. జారెడ్ లెటో పోషించిన, కృత్రిమ మనుషులను తయారుచేసే వ్యాపారి వాలెస్ పాత్ర మాత్రం ఉపన్యాసాల దగ్గరే ఆగిపోయింది. అలాంటి కృత్రిమ మనిషే అయిన ‘కే’, తనలో ఉన్న బాల్య జ్ఞాపకం నిజంగా తనదేనా అని పడే తల్లడింపే ఈ కథకు ఆయువుపట్టు. ర్యాన్ గాస్లింగ్ ఆ వేదనను ఎక్కువగా కళ్లతోనే పలికించారు. మొదటి భాగం చూడనివారు ముందుగా దాన్ని చూసి, ఆ తరువాత దీన్ని వీలైనంత పెద్ద తెరపై చూడాలని నా సలహా.