ఉన్ని వడకడం, రంగులు కలపడం: ఏడాదిన్నర తర్వాత రాస్తున్న రివ్యూ

విజయవాడ ఎండల్లో ఉన్నితో నీకేం పని అని ఇంట్లో, ఆఫీసులో అడగని వాళ్లు లేరు. క్లాసులో చేరి ఏడాదిన్నర అయింది, ఇప్పటికీ వారంలో నాలుగు రోజులైనా దారం వడికే కదురు పట్టుకుంటూనే ఉన్నా, అందుకే ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా.

మొగల్రాజపురంలో ఒక మేడం ఇంటి పై పోర్షన్‌లో ఎనిమిది ఆదివారాలు, బ్యాచ్‌కి ఆరుగురం. ఫీజు 4,800, కదురు, ఉన్ని ఏకే (అంటే పీచు విడదీసి దువ్వే) దువ్వెనల జత, 200 గ్రాముల మెరినో అనే జాతి గొర్రెల మెత్తని ఉన్ని అందులోనే. అంతకుముందు నాలుగు నెలలు వీడియోలు చూసి కుస్తీ పట్టాను, దారం తెగడం, కదురు కింద పడటం, ఇదే వరస. మొదటి రోజే మేడం నా చేతులు చూసి "రెండు చేతులూ మరీ దగ్గరగా పెట్టావమ్మా, ఒకే పీచు రెండు కొసలూ నువ్వే పట్టుకుంటే అది ఎట్లా సాగుతుంది?" అన్నారు. మెరినో పీచు పొడవు మూడు అంగుళాల పైచిలుకు. చేతులు ఇంకాస్త ఎడంగా జరిపానో లేదో దారం జారుతూ వచ్చేసింది. నాలుగు నెలల టెన్షన్ అక్కడితో పోయింది.

రంగుల క్లాసులు రెండే గానీ ఫీజంతా వాటికే ఇచ్చినా తప్పులేదు. నాకు గుంటూరు ఎండుమిర్చి రంగు కావాలని పట్టు. 9 గ్రాముల ఎరుపులో 1 గ్రాము నలుపు వేసి ఏకితే రంగు చచ్చిపోయింది. మేడం మళ్లీ మొదలుపెట్టించి, నలుపు బదులు ముదురు గోధుమ రంగు అర గ్రాము, చిటికెడు నారింజ వేయించారు. దగ్గర నుంచి చూస్తే మూడు రంగుల పీచులూ విడివిడిగా కనిపిస్తాయి, గుమ్మం దగ్గర నిలబడి చూస్తే అచ్చం ఎండుమిర్చే! ఉన్నిలో రంగులు పెయింటులా ఒకదాన్లో ఒకటి కరగవు, పక్కపక్కన ఉంటే మన కన్నే కలుపుకుంటుంది. రెండు మూడుసార్లు ఏకితే దారంలో అన్ని రంగులూ తొంగిచూస్తాయి, అదేపనిగా ఏకితే అంతా ఒకటే రంగైపోయి పీచు ఉండలు కడుతుంది.

ఒక వారం తెలంగాణలో గొంగళ్లు నేసే దక్కని గొర్రెల ఉన్ని ఇచ్చారు, గరుకుగా గుచ్చుకుంటుంది, మెడకి పనికిరాదు. మన నెల్లూరు గొర్రెకేమో ఉన్నే ఉండదు, ఉత్త వెంట్రుకలే.

మేడం అన్నీ ఇంగ్లీషు మాటల్లో చెప్తుంటే, నా కోసం వచ్చి కూర్చున్న మా అమ్మ "ఏకిన ఉన్ని చుట్ట ఏకు, దారంలో మెలిక పురి, చుట్టిందాన్ని చిలప అంటారే" అని ఒక్కోటీ అందించింది. 1921లో కాంగ్రెస్ వాళ్లు దేశమంతా 20 లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానం చేసింది ఈ బెజవాడలోనే, ఆ మాటలు మా అమ్మ దాకా నిలిచాయంటే నాకు చాలా సంతోషమేసింది.

నచ్చనివి కూడా చెప్పాలి. రెండు పోగుల్ని ఎదురు పురితో కలిపి పేనడానికి గంటే ఇచ్చారు, అది అస్సలు చాలదు. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి క్లాసు, పీచు ఎగురుతుందని ఫ్యాన్ ఆపేస్తారు, చెమట చేతికి ఉన్ని అంటుకుపోయేది. అందరం అడిగాక పొద్దున ఏడింటికి మార్చారు. చేరేవాళ్లు నవంబరు తర్వాత చేరండి.

ఇప్పుడు నాన్న మఫ్లర్‌కి ఆ మిర్చి రంగే వడుకుతున్నా, రెండో చిలప నిన్న గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పిండకుండా బాల్కనీలో వేలాడదీశాను.