పోర్ట్ మిర్రరింగ్ ఉంది కాబట్టే ఈ స్విచ్ నాకింత ఇష్టం

కంప్యూటర్లు, ఇతర మెషిన్లను కేబుళ్లతో ఒక నెట్‌వర్క్‌గా కలిపే ఎనిమిది పోర్టుల స్మార్ట్ స్విచ్ (సెట్టింగులు మార్చుకునే వీలున్నది) ఇది. మా చిన్న ఆఫీసులో చాలాకాలంగా ఆపకుండా నడుస్తోంది. స్పీడ్, పోర్టుల వివరాలు డబ్బా మీదే ఉంటాయి, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది పోర్ట్ మిర్రరింగ్ గురించి.

స్విచ్‌లకు ముందు ఇదే పనికి వాడిన హబ్‌లతో పనిచేసినవాళ్లకు దీని విలువ వెంటనే తెలుస్తుంది. హబ్ ఒక పోర్టులో వచ్చినదాన్ని మిగతా అన్ని పోర్టులకూ పంపేస్తుంది. అందుకే ఏ పోర్టుకు లాప్‌టాప్ తగిలించినా అందరి ట్రాఫిక్ కనిపించేది. స్విచ్ అలా కాదు, ఏ మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరం నెట్‌వర్క్ కార్డుకూ ఉండే గుర్తింపు సంఖ్య) ఏ పోర్టు వైపు ఉందో నేర్చుకుని అటే పంపుతుంది. నెట్‌వర్క్‌కు అది మేలే. కానీ ఏదైనా తేడా చేసినప్పుడు లోపల ఏం జరుగుతోందో చూడలేం. మిర్రరింగ్ పెడితే మనం అడిగిన పోర్టు ట్రాఫిక్‌కు ఒక కాపీ ఇంకో పోర్టులోకి వస్తుంది.

మా అటెండెన్స్ మెషిన్‌కు సర్వర్‌తో కనెక్షన్ ఉన్నట్టుండి తెగిపోయేది, కాసేపటికి దానంతటదే వచ్చేది. కేబుల్ మార్చినా అంతే. మెషినే పోయిందన్నారు సర్వీసువాళ్లు. జీతాల లెక్క దానిమీదే కాబట్టి అందరికీ టెన్షన్. సర్వర్ పోర్టును మిర్రర్ చేసి, నెట్‌వర్క్ ట్రాఫిక్‌ను విప్పి చూపించే వైర్‌షార్క్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూశాను. మెషిన్ ఐపీ (నెట్‌వర్క్‌లో దానికిచ్చిన చిరునామా) ఎవరిదని సర్వర్ ఏఆర్‌పీలో (ఐపీని బట్టి మ్యాక్ కనుక్కునే పద్ధతి) అడిగితే, నాదేనంటూ రెండు మ్యాక్ అడ్రస్‌ల నుంచి జవాబులు! ప్రశ్న బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ వెళ్లేది కాబట్టి ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది, జవాబు మాత్రం అడిగినవాళ్లకే వెళ్తుంది. మిర్రర్ లేకపోతే ఆ రెండో జవాబు నా కంట పడేదే కాదు. మ్యాక్‌లోని మొదటి మూడు బైట్లు తయారీదారుకు కేటాయించినవి. వాటిని బట్టి రెండో జవాబు ఇచ్చింది ప్రింటర్ అని, స్విచ్‌లోని మ్యాక్ టేబుల్‌ని బట్టి ఏ పోర్టులో ఉందో తేలిపోయింది. దానికి ఎవరో చేత్తో అదే ఐపీ పెట్టారు. ప్రింటర్ ఆన్ చేసినప్పుడల్లా గొడవ. ఐపీ మార్చాం, మెషిన్ కొనే ఖర్చు తప్పింది. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే మిర్రర్ అన్నీ చూపించదని తర్వాత తెలిసింది. ఒక కేబుల్ పాడై ఫ్రేములు (డేటా వెళ్లే చిన్న చిన్న ముక్కలు) చెడిపోతుంటే వైర్‌షార్క్‌లో ఏమీ కనపడలేదు. సీఆర్‌సీ (డేటా చెడిపోయిందో లేదో చూసే లెక్క) తప్పిన ఫ్రేమును స్విచ్ అక్కడికక్కడే పారేస్తుంది, దాని కాపీ రాదు. పోర్ట్ స్టాటిస్టిక్స్‌లో ఎర్రర్ కౌంటర్ పెరగడం చూశాకే విషయం అర్థమైంది. పోర్టు రెండువైపులా నిండుగా నడుస్తుంటే 1 జీబీపీఎస్ (సెకనుకు ఒక గిగాబిట్) వచ్చేది, 1 జీబీపీఎస్ పోయేది. 1 జీబీపీఎస్ మిర్రర్ పోర్టులో అదంతా పట్టదు, కొన్ని ఫ్రేములు జారిపోతాయి. ఇంకో చిరాకు, సెట్టింగ్ మార్చాక విడిగా సేవ్ నొక్కకపోతే కరెంటు పోగానే అంతా పోతుంది.

ఇంట్లో నాలుగు పరికరాలు కలపడానికైతే సెట్టింగులేవీ లేని మామూలు అన్‌మేనేజ్డ్ స్విచ్ చాలు. మా ఆఫీసులో రకరకాల పాత మెషిన్లు ఉన్నాయి, వాటికి ఏమొచ్చినా నేనే చూసుకోవాలి. అందుకే నాకు ఇది కావాలి. వైర్‌షార్క్ తెరిచే ఓపిక, అవసరం లేనివాళ్లకు మాత్రం ఇదే కొనమని చెప్పలేను.