ఇలే ఇఫే బురదలో రాణి లువో బాట

ఇలే ఇఫే నైజీరియాలో యొరుబా జనాల పాత పట్నం. జూలై వానల్లో అక్కడికి వెళ్లొద్దని లాగోస్‌లో తెలిసినవాళ్లంతా చెప్పారు. మా అబ్బాయికి సెలవులు అప్పుడే, అందుకే బయల్దేరాం. డ్రైవర్‌తో కలిపి కారుకు రెండు రోజులకు 1,20,000 నైరాలు. ఇబాదాన్ మీదుగా దాదాపు 200 కిలోమీటర్లు. దారిలో ఇబ్బందేమీ రాలేదు.

ఇబ్బందంతా లాడ్జి దగ్గరే. గది 25,000. ‘24 గంటలూ లైట్’ ఉంటుందని ఫోన్లో చెప్పి మొత్తం ముందే కట్టించుకున్నారు. (నైజీరియాలో కరెంటును లైట్ అనే అంటారు.) రాత్రి పదకొండింటికి జనరేటర్ ఆపేశారు. అడిగితే డీజిల్‌కు ఇంకో 5,000 ఇవ్వమన్నారు. పిల్లాడు ఉక్కకు ఏడుస్తుంటే ఇవ్వక ఏం చేస్తాం? ఇచ్చిన గంటకే మళ్లీ ఆపేశారు. తెల్లారేసరికి వాన. లాడ్జి సందంతా ఎర్ర బురద, కారు చక్రం సగం దిగిపోయింది. నలుగురు కుర్రాళ్లు తోసి 2,000 తీసుకున్నారు. మా ఆవిడ అప్పటికే మాట్లాడటం మానేసింది. చెప్పులు చేత్తో పట్టుకుని, “ఇంటికి పోదాం” అని ఒక్కటే మాట.

నేను వచ్చింది రాణి లువో కోసం. ఇఫే రాజును ఓనీ అంటారు. ఆ గద్దె మీద కూర్చున్న ఒకే ఒక్క స్త్రీ లువో అనీ, 21వ ఓనీ అనీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు. పాదాలకు మట్టి అంటడం ఆవిడకు గిట్టేది కాదట. ఆడా మగా అందరిచేతా పనిచేయించి ఊరి దారులకు కుండపెంకులు పరిపించిందట. ఆ చాకిరీకి విసిగిపోయే జనం మళ్లీ ఆడమనిషిని గద్దె ఎక్కనివ్వలేదని కూడా చెబుతారు. ఆమె కొడుకు అడెకోలా తేలూ ఇఫే విడిచి వెళ్లి ఇవో రాజ్యం స్థాపించాడు.

ఆ బాట చూపిస్తానని ఒక గైడు 10,000 తీసుకుని, కొత్తగా వేసిన సిమెంటు పలకల దగ్గర నిలబెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. డబ్బు మాత్రం తిరిగి రాలేదు.

చివరికి దారి చూపింది భోజనం పెట్టిన పెద్దావిడ. దంచిన పెండలం ముద్ద, పుచ్చగింజల ఎగుసి కూర, ముగ్గురికీ 6,500. అంత మెత్తటి ముద్ద నేను లాగోస్‌లో తినలేదు. మా ఆవిడ రెండోసారి అడిగి పెట్టించుకుంది, అప్పుడుగానీ ముఖం విప్పలేదు. తిన్నాక ఆ పెద్దావిడే మమ్మల్ని పక్క సందులోకి తీసుకెళ్లింది. పెంకుల్ని పడుకోబెట్టలేదు, అంచులు పైకి వచ్చేలా నిలువుగా గుచ్చారు. వరసలు జడ అల్లినట్టు ఇటొకటి అటొకటి వాలి ఉన్నాయి. పురావస్తు శాస్త్రవేత్తల లెక్కలో ఇలాంటి బాటలు సుమారు క్రీ.శ. 1000–1400 మధ్యవి, అంటే అన్నీ ఒక్క రాణి కాలానివే అనుకోలేం. అయినా బురద సందులోంచి వచ్చి ఆ పెంకుల మీద కాలు పెడితే జారలేదు! లువో పట్టుదల నాకు అక్కడే అర్థమైంది. మా అబ్బాయి చెప్పులు విప్పి రెండుసార్లు నడిచాడు.

1957లో ఇఫేలోనే ఇతా యెమో అనే చోట కూలీలు తవ్వుతుంటే ఇత్తడి బొమ్మలు బయటపడ్డాయి. అక్కడా ఇలాంటి బాటలే దొరికాయి. రాజభవనం పక్కనున్న మ్యూజియానికి మాత్రం రెండు గంటలు ఉంచుకోండి, మేం ముప్పావు గంటలో పరుగెత్తాం.

లాడ్జికి ముందే మొత్తం కట్టకండి. జనరేటర్ ఎన్నింటి వరకో రాయించుకోండి. వెళ్లడం మాత్రం వానల్లోనే వెళ్లండి. వాన కడిగాకే ఆ పెంకుల అంచులు స్పష్టంగా కనిపిస్తాయి.