బెర్లిన్ హార్ట్ పంపు: పిల్లల గుండె మార్పిడికి ఎదురుచూసే తల్లిదండ్రుల కోసం నా రివ్యూ

ఇలాంటి వాటికి కూడా రివ్యూ రాస్తారా అని మా ఆయన నవ్వారు. మిక్సీ కొనడానికి వారం రోజులు రివ్యూలు చదివిన మనిషి ఆయన. పాప గుండెకి యంత్రం పెడతామన్నప్పుడు మాత్రం హాస్పిటల్ వాళ్లిచ్చిన ఇంగ్లీషు పుస్తకం తప్ప చేతిలో ఏమీ లేదు. ఇండియాలో ఉన్న పెద్దవాళ్లకి ఫోన్లో ఎలా చెప్పాలో కూడా తెలియలేదు. అందుకే తెలుగులో రాస్తున్నాను.

మేం ఉండేది అమెరికాలో. అప్పటికి పాపకి మూడేళ్లు, 12 కేజీల బరువు. డైలేటెడ్ కార్డియోమయోపతీ అన్నారు, అంటే గుండె సాగిపోయి రక్తాన్ని నెట్టే బలం పోవడం. మార్పిడి లిస్టులో పేరు ఎక్కింది కానీ, పిల్లల సైజు గుండె ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. అప్పటిదాకా ఆదుకోవడానికి పెట్టింది ఎక్స్‌కార్ పీడియాట్రిక్ అనే, గుండెకి సాయంగా రక్తాన్ని నెట్టే పంపు, బెర్లిన్ హార్ట్ అనే జర్మనీ కంపెనీది. 1990లో బెర్లిన్‌లోనే ఈ పంపు మీద మొదటిసారి ఒక పిల్లవాణ్ణి మార్పిడి దాకా తీసుకెళ్లారు. అమెరికాలో అనుమతి 2011 డిసెంబరులో వచ్చింది.

పంపు ఒంటి లోపల ఉండదు, పొట్ట మీద బయట ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు కాళ్లలో సత్తువ పోతుంది, ముందే చెబుతున్నాను. లోపల రక్తం ఎర్రగా కదులుతూ కనిపిస్తుంది. మధ్యలో పలుచటి పొర, దానికి ఒకవైపు రక్తం, ఇంకోవైపు గాలి. గాలి నెట్టినప్పుడు రక్తం బయటికి పోతుంది, గాలి వెనక్కి లాగినప్పుడు పంపు నిండుతుంది. గుండె కొన నుంచి ఒక గొట్టం రక్తాన్ని పంపులోకి తెస్తుంది, రెండో గొట్టం దాన్ని ఒంటికంతా వెళ్లే పెద్ద రక్తనాళంలోకి పంపిస్తుంది. సైజులు 10 మి.లీ. నుంచి 60 మి.లీ. దాకా ఉన్నాయి, మా పాపకి 25. నెలల పిల్లలకి కూడా పెట్టగలగడం దీని గొప్పదనం.

దీనికి ముందు మా పాప ఎక్మో మీద ఉంది, గుండె, ఊపిరితిత్తుల పని బయటి నుంచి చేసే యంత్రం అది. మత్తులో పడుకోబెట్టి, నోట్లో గొట్టం. ఎక్మో కొద్ది రోజుల కోసం చేసిన ఏర్పాటు, నెలల తరబడి నడిపేది కాదు. పంపు పెట్టాక వెంటిలేటర్ తీసేశారు. కొన్నాళ్లకి పిల్ల లేచి కూర్చుని ఆవకాయ అన్నం అడిగింది. ఉప్పు లెక్క ఉంటుంది కాబట్టి ముద్దపప్పు, నెయ్యితో సరిపెట్టాం. బుగ్గలు వచ్చాయి, మూడుచక్రాల సైకిల్ తొక్కింది, ఫిజియోథెరపీ అమ్మాయితో పోట్లాడింది. మార్పిడి రోజుకి ఒంట్లో కాస్త బలం ఉందంటే ఈ నెలల వల్లే. నా మార్కుల్లో ఎక్కువ భాగం దీనికే.

ఇబ్బంది గాలి కొట్టే పెట్టెతో. మాకిచ్చినదాన్ని ఐకస్ అంటారు, చక్రాల మీద ఉంటుంది, దగ్గర దగ్గర 100 కేజీలు. పాప ఎటు వెళ్తే అటు ఒక నర్సు దాన్ని తోసుకుంటూ వెనకే. బ్యాటరీ అరగంట మాటే, కాబట్టి కారిడార్లో తిరిగినా మనసు ప్లగ్గు మీదే ఉంటుంది. దానితో మమ్మల్ని ఇంటికి పంపలేదు, మార్పిడి దాకా హాస్పిటలే ఇల్లు అయింది. పెద్ద పిల్లలకైతే ఒంటి లోపల పెట్టే హార్ట్‌మేట్ 3 అనే పంపు ఉంది, దానితో ఇంటికి వెళ్లొచ్చు. చిన్నవాళ్లకి అది పట్టదు. టకటకమనే చప్పుడు సంగతి అడుగుతారేమో, రెండో వారానికల్లా అలవాటైపోతుంది. మా అత్తగారైతే ఆ చప్పుడు వినపడకపోతేనే నిద్ర పట్టేది కాదనేవారు.

అసలు భయం రక్తం గడ్డకట్టడం. ఒంటిది కాని దేన్ని తాకినా రక్తం గడ్డకట్టాలనే చూస్తుంది, గడ్డ మెదడుకి చేరితే స్ట్రోక్. 2012లో వచ్చిన అమెరికా అధ్యయనంలో 48 మంది పిల్లలకి దీన్ని పెడితే, 29 శాతం మందికి స్ట్రోక్ వచ్చింది. ఎక్మోతో పోలిస్తే బతికినవాళ్లు మాత్రం చాలా ఎక్కువ. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందులు మారాక, ముఖ్యంగా బైవాలిరుడిన్ అనే మందు వచ్చాక, స్ట్రోకులు బాగా తగ్గాయి. సంతకం పెట్టే ముందు ఈ అంకె అడిగి తెలుసుకోండి, మీ హాస్పిటల్ అంకె విడిగా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

నర్సులు ఏ డ్యూటీలో ఉన్నా టార్చిలైటు వేసి పంపు మూలమూలా చూస్తారు, తెల్లటి పోగు కనిపిస్తే రాసుకుంటారు. గడ్డ పెద్దదైతే గుండెని ముట్టుకోకుండా బయటి పంపు ఒక్కటే మార్చేయొచ్చు, బయట ఉండడం వల్ల కలిసొచ్చే సంగతి ఇదే. ఆ టార్చి పట్టుకునే చేతికి ఎంత అనుభవం ఉందన్నది పంపు ఎంత మంచిదన్నదానికి తక్కువేం కాదు. ఏడాదికి ఎన్ని పెడతారో అడిగి హాస్పిటల్ ఎంచుకోండి.

తరువాత వార్ఫరిన్ అనే, గడ్డకట్టకుండా ఇచ్చే ఇంకో మందుకి మార్చినప్పుడు ఆకుకూరల గొడవ మొదలైంది. వాటిలో విటమిన్ కె ఉంటుంది, అది ఈ మందుకి అడ్డం. రాజమండ్రి నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారు తోటకూర పప్పు పెట్టకూడదా అని డైటీషియన్‌నే నిలదీశారు. మానక్కర్లేదట, వారం వారం ఒకే మోతాదులో పెట్టాలట. ఆవిడ కొలిచి మరీ వండారు.

ఇన్సూరెన్స్ గురించి ఒక్క మాట: మొదటి ఉత్తరంలో కాదన్నారని దిగులు పడకండి. సోషల్ వర్కర్‌ని పట్టుకోండి, అప్పీలు పని వాళ్లకి బాగా తెలుసు.

అయిదుకి నాలుగు ఇస్తాను. మాకిచ్చిన పెట్టె చేత్తో పట్టుకెళ్లేంతదైతే అయిదూ ఇచ్చేదాన్ని.

ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే, ముందువైపు పైనుంచి కింది దాకా ముడులు వేసే కాటన్ గౌన్లు అర డజను కుట్టించి తెప్పించుకోండి. తల మీద నుంచి తొడిగేవి ఆ గొట్టాలతో అసలు పనికిరావు. హాస్పిటల్ గౌను ఎన్నాళ్లని వేస్తాం? పక్కలకి కాస్త వదులు పెట్టమనండి, పంపు మీద బట్ట బిగుసుకోకూడదు.